నేను ఊపిన తల

ఊరికే తల ఊపినందుకు మెడ మీద ఇన్నేళ్ళు బరువు మోయాల్సి వస్తుందని ముందే తెలిస్తే ఊపేదాన్నా? నిజం చెప్పమంటారా? అయినా ఊపేదాన్నే. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మా చర్చిలో ఆదివారం ఎవరికి తోస్తే వాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. జ్వరం తగ్గిందని ఒకరు, కొడుకు తాగుడు మానాడని ఒకరు. నేనూ చాలాసార్లు లేచాను. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాను, దూడ దొరికిన సంగతి చెప్పాను. ఇది మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. అక్కడ చెబితే అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, పోయిందమ్మా నీ పాపం, ఇంక మర్చిపో అంటారు. నాకు మర్చిపోవాలని లేదు. చెప్పాలని ఉంది. ఈ రెండూ ఒకటి కావు.

నేను చేసింది చూడబోతే చిన్న పని. ఎవరి సొమ్మూ తీయలేదు. ఎవరి వాములకూ నిప్పు పెట్టలేదు. ఒక మనిషి నా ఎదురుగా నిలబడి పాఠం చెప్పి, అర్థమైందా అని అడిగేది. నాకు అయ్యేది కాదు. అయిందని తల ఊపేదాన్ని. ఆమె చదువు సాగినంత కాలం అలాగే ఊపాను. తెలిసే ఊపాను. ఆమె పాడైపోవాలని ఊపాను.

ఆమె అసలు పేరు రాయను. సుజాత అంటాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. నల్లరేగడి నేల. మిరప, పత్తి, పొగాకు. సుజాత నాన్నగారిది మా ఊళ్ళో పెద్ద వ్యవసాయం. వాళ్ళ కల్లంలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీయడం నా చిన్నప్పటి నుంచీ ఉన్న పని. ఆ ఘాటుకు వేళ్ళు మండుతుంటాయి. మర్చిపోయి ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే ఆ పూటంతా ఏడుపే.

తొంభైల చివర్లో, చదువు రాని పెద్దవాళ్ళకు సాయంత్రం పూట అక్షరాలు నేర్పే బడి మా పల్లెలో పెట్టారు. ఇంటరు చదువుతున్న సుజాత వచ్చి చెప్పేది. నాకప్పటికే నలభై దాటాయి. మిగతావాళ్ళు సరదాకి వచ్చేవాళ్ళు. నేను సరదాకి పోలేదు. చర్చిలో వాక్యం నా నోటితో నేను చదవాలని నాకు పిచ్చి కోరిక. అ ఆలు దాటాను. గుణింతాల దగ్గర తడబడుతున్నాను. ఇంతలో ఆఫీసరు చూడటానికి వస్తున్నాడన్నారు.

వచ్చే ముందు రోజు సుజాత పుస్తకంలో ఒక పాఠం తీసి, దాన్ని కంఠతా పట్టి, వేలు పెట్టి చదువుతున్నట్టు అప్పజెప్పమంది. నాకింకా చదవడం రాలేదండి అమ్మాయిగారూ అన్నాను. చెప్పింది చెయ్యి అంది. తల ఊపాను. మా కల్లాల్లో అంతే. ఆసామి ఏం చెప్పినా ముందు తల ఊపాలి. అర్థమైనా, కాకపోయినా. ఆయన అటు పోయాక, ఏం చేయమన్నాడే అని మాలో మేము అనుకుంటాం. ఎదురుగా నిలబడి నాకు అర్థం కాలేదండి అన్నవాళ్ళను నేను ఎరగను.

ఆఫీసరు వచ్చాడు. నేను వేలు పెట్టి గడగడా చెప్పాను. ఆయన తెలివైనవాడు. పేజీ తిప్పి, ఇది చదువమ్మా అన్నాడు. నా వేలు కదల్లేదు. అప్పుడు సుజాత నవ్వుతూ అంది:

"ఈ చేతులకు తొడిమలు తీయడమే వచ్చు సార్. అక్షరాలు ఎక్కవు. ఎంత చెప్పినా తల ఊపడం తప్ప ఏమీ రాదు."

ఆఫీసరు నవ్వాడు. మా వాళ్ళూ నవ్వారు. మా వాళ్ళ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మర్నాటి నుంచి నాకు తలూపులమ్మ అని పేరు పడింది. కల్లంలో తోటి ఆడవాళ్ళు, బావి దగ్గర పిల్లకాయలు, చివరికి నా సొంత తోడికోడలు. నేను మళ్ళీ ఆ బడి గడప తొక్కలేదు. సుజాత నేనెందుకు మానేశానని ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాత పాస్టరమ్మగారు తీరిక ఉన్నప్పుడు నన్ను వంటింట్లో కూర్చోబెట్టుకుని నేర్పింది. ఏళ్ళు పట్టింది. చర్చిలో మొదటిసారి లేచి చదివిన రోజు అందరి కళ్ళలో నీళ్ళు. నాకు రాలేదు. ఆ వాక్యం చదువుతూ నేను దేవుణ్ణి తలుచుకోలేదు. సుజాతను తలుచుకున్నాను. నువ్వు ఇక్కడ లేవు గదే, వినడానికి అనుకున్నాను. అలాంటి చదువు నాది.

మోకాళ్ళు అరిగిపోయి కల్లంలో కూర్చోలేని రోజులు వచ్చాయి. రెండువేల సంవత్సరం దాటి చాలా కాలమైంది. పర్చూరులో ఒక నెట్ సెంటర్లో ఊడ్చి, నీళ్ళు పట్టి, టీలు తెచ్చే పని దొరికింది. కింద పురుగుమందుల కొట్టు, పైన కంప్యూటర్లు. మెట్లెక్కుతుంటేనే ఆ మందు వాసన ముక్కులో కొట్టేది. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం నుంచి అక్కడికి బి.ఇడి. చదివేవాళ్ళు వచ్చేవారు. అందరూ ఎక్కడో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నవాళ్ళే. ట్రైనింగు కాగితం లేకపోతే ఉంచబోమని వాళ్ళ బళ్ళ యజమానులు అనేసరికి చేరారు. కాలేజీ ఎక్కడో దూరాన. పాఠాలు ఇంటర్నెట్లో వచ్చేవి.

నేను మూల స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. తెర మీద సారు మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు తెరిచినట్టే ఆగిపోయేవాడు. మళ్ళీ కదిలేసరికి పాఠం ఎక్కడికో పోయేది. వీళ్ళు ప్రశ్న టైపు కొట్టి పంపేవాళ్ళు. జవాబు రాకముందే పాఠం అయిపోయేది. తలలు వంచుకుని రాసుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా బస్సులకు పోయేవాళ్ళు. కొందరు మానేశారు కూడా.

వాళ్ళలో ప్రసాదని ఒకడు. చీమకుర్తి రాళ్ళ క్వారీలో పనిచేసే ఆయన కొడుకు. ఒకరోజు పాఠం అయ్యాక నా చేతిలో టీ గ్లాసులు లాక్కుని పక్కన పెట్టాడు.

"పెద్దమ్మా, ఇట్టా కూర్చో. ఇప్పుడిన్న పాఠం నీకు చెబుతా. అర్థం గాకపోతే గాలేదని మొహం మీద చెప్పు."

"నాకెందుకురా నీ పాఠం? గ్లాసులు కడగాలి."

"గ్లాసులు నేను కడుగుతా. నువ్వు ఇను."

తడి గుడ్డ ఎలా ఆరుతుందో చెప్పాడు. బాష్పీభవనం, అణువులు, ఇంకా ఏవేవో.

"ఏందిరా ఆ గొణుగుడు? నీ బళ్ళో పిల్లకాయలు కళ్ళు తెరుచుకునే నిద్రపోతుంటారా?"

అందరూ పడి నవ్వారు. వాడు సిగ్గుపడలేదు. ఆ పాఠం మళ్ళీ పెట్టించుకుని చూశాడు. పక్కవాళ్ళను అడిగాడు. మరో వారం వచ్చి, కల్లంలో మిరపకాయలు గాలి లేని రోజు ఎందుకు సరిగ్గా ఆరవో అక్కడ మొదలుపెట్టి చెప్పాడు. అది అర్థమైంది నాకు. అర్థమైందిరా అన్నప్పుడు వాడి మొహం చూడాలి మీరు.

అక్కడి నుంచి అది ఆనవాయితీ అయింది. పాఠం అయ్యాక ఒక్కొక్కరూ లేచి నాకు చెప్పాలి. నేను కాలేదంటే కాలేదనే. అప్పుడు వాళ్ళలో వాళ్ళు వాదించుకునేవాళ్ళు, వారం మధ్యలో ఫోన్లు చేసుకునేవాళ్ళు, మళ్ళీ వచ్చి చెప్పేవాళ్ళు. మానేసినవాళ్ళు కూడా తిరిగొచ్చారు. నాకు గొప్ప తెలివేమీ లేదు. ఆ తెర మొహం చిట్లించదు. నేను చిట్లిస్తాను. అంతే తేడా.

వాళ్ళు కూడా మా పల్లెల్లాంటి చోట నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఎప్పుడైనా విసుగొచ్చి నేను ఊరికే తల ఊపితే ప్రసాదు పట్టేసేవాడు. "పెద్దమ్మా, ఆ కల్లం తలూపుడు నా దగ్గర కాదు" అనేవాడు.

ఆ మధ్యలో సుజాత వచ్చి చేరింది. చీరాలలో ఒక బడిలో లెక్కలు చెబుతోందట. పెళ్ళయింది, కాస్త ఒళ్ళు చేసింది. మెట్లెక్కి వస్తుండగానే గుర్తుపట్టాను. నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఆమె నా మొహంలోకి నేరుగా చూసి, "ఆయా, కాసిని మంచినీళ్ళు" అంది.

గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళు నేను ఆమె మొహాన్ని కళ్ళలో పెట్టుకుని మోశాను. ఆమె నా మొహాన్ని ఆ సాయంత్రమే దులిపేసుకుంది. ఏది ఎక్కువ మండింది, ఆనాటి మాటా, ఈనాటి మరుపా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె వంతు వచ్చినప్పుడు, ఆయాకి చెబితే ఏం వస్తుంది అని మూతి ముడిచింది. "చెప్పి చూడండి మేడం. ఆవిడ కాదంటే మాకు ఆ వారమంతా తిండి సయించదు" అన్నాడు ప్రసాదు. లేచింది. పుస్తకంలో మాటలు పుస్తకంలో ఉన్నట్టే, తెర మీద సారు కంటే వేగంగా చెప్పింది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

"అర్థమైందా?"

ఆనాడు పేజీ తిప్పిన చెయ్యి కళ్ళ ముందు ఆడింది. ఎంత చెప్పినా తల ఊపడం తప్ప ఏమీ రాదు. సరే అమ్మాయిగారూ. అదే చేస్తాను. మీరు చెప్పినదాన్నే మీకు అప్పజెబుతాను.

తల ఊపాను. "బాగా అర్థమైందండి."

ఆమె మొహం వెలిగిపోయింది. "చూశారా, మొదటిసారికే!" అంది అందరి వైపూ తిరిగి.

ఆమెకు తెలియదు. ఎలా తెలుస్తుంది? పుట్టినప్పటి నుంచీ వాళ్ళ కల్లంలో అందరూ ఆమెకు తల ఊపినవాళ్ళే. తల ఊపడానికీ అర్థం కావడానికీ మధ్య ఎంత దూరముందో ఆమె ఎన్నడూ చూడలేదు. నా పగ దాని మీదే నిలబడింది. ప్రసాదు దగ్గర ఒక్క పూట కూడా సాగని మోసం ఆమె దగ్గర చివరిదాకా సాగింది.

మిగతావాళ్ళు ఒక్కో పాఠంతో కుస్తీ పడుతుంటే ఆమె ఒక్కసారి చెప్పి సంచీ సర్దుకుని పోయేది. పాఠం మళ్ళీ చూసేది కాదు. పక్కవాళ్ళను అడిగేది కాదు. ఎందుకు అడుగుతుంది? నేను పాస్ చేశాను గదా. ప్రసాదు ఒకసారి నా పక్కకు వచ్చి, "నిజంగా అర్థమైందా పెద్దమ్మా, ఆ మేడం చెప్పింది?" అన్నాడు మెల్లగా. "నీ పాఠం నువ్వు చూసుకోరా" అన్నాను. వాడు నన్ను ఒకలా చూసి ఊరుకున్నాడు.

ఒకరోజు టీ తాగుతూ సుజాత తనంతట తానే చెప్పింది. ఈసారి పాస్ కాకపోతే బడిలో ఉంచరట. ఇంట్లోవాళ్ళకు ఆమె ఉద్యోగం ఎటూ ఇష్టం లేదట. ఇదే సాకుగా మానిపిస్తారట. బడి తప్ప నాకు వేరే ప్రాణం లేదు ఆయా అంది.

అది విన్నాక ఆగానా? ఆగలేదు. ఆమె టీలో ఇంకో చెంచా చక్కెర వేసి ఇచ్చాను. ఆ రోజు తల ఇంకా గట్టిగా ఊపాను. ఇది చదివి మీరు నన్ను తిట్టుకోవచ్చు. ఆ చక్కెర కలుపుతున్నప్పుడు నా చేతికి ఎంత హాయిగా ఉందో రాయకపోతే ఈ ఒప్పుకోలు కూడా అబద్ధమే అవుతుంది.

చివరి పరీక్ష, నిజం బడిలో నిజం పిల్లలకు, ఎగ్జామినరు ఎదుట పాఠం చెప్పడం. ఆమెకు ఆరో తరగతి భిన్నాలు వచ్చాయి. ముందు రోజు నా ముందు నిలబడి చెప్పింది. మూడో వంతు కంటే నాలుగో వంతు చిన్నదంది. హారం పెరిగితే విలువ తగ్గుతుందంది. నా గొంతులో ప్రశ్న లేచింది. మూడు కంటే నాలుగు పెద్దది గదా, మరి అదెట్లా చిన్నదైంది? నోరు తెరిస్తే చాలు. ఆ ప్రశ్నను ఉమ్మిలా మింగాను.

"రేపు భయం లేదుగా ఆయా?"

"భయమెందుకండి? నాకే అర్థమైతే పిల్లలకు అర్థం కాదా?"

నా జీవితంలో నేను ఆడిన మాటల్లో అంత తియ్యటిది లేదు. అంత విషపుదీ లేదు.

ప్రసాదు పరీక్ష కూడా ఆ బడిలోనే. మర్నాడు వాడు వచ్చి జరిగింది చెప్పాడు. పాఠం మధ్యలో ఒక ఆడపిల్ల లేచి, "టీచర్, నాలుగు పెద్దది గదా, నాలుగో వంతు ఎట్లా చిన్నదవుద్ది?" అని అడిగిందట. అవును, నేను మింగిన ప్రశ్నే. సుజాత హారం పెరిగితే విలువ తగ్గుతుందని మళ్ళీ చెప్పింది. పిల్ల అర్థం కాలేదంది. ఆ మాట ఆమె ఎన్నడూ ఎవరి నోటా వినలేదు గదా. బిత్తరపోయింది. అదే వాక్యం ఇంకా గట్టిగా చెప్పింది. పిల్ల అలాగే నిలబడింది. అప్పుడు ఎగ్జామినరు చూస్తుండగా సుజాత అరిచిందట: "ఎంత చెప్పినా ఎక్కదా నీకు?"

ఆ పిల్ల తల దించుకుని, అర్థమైందన్నట్టు ఊపి కూర్చుందట.

"మరి ఎట్లా చిన్నదవుద్దిరా?" అని అడిగాను ప్రసాదును. వాడు టీకొట్టు నుంచి రెండు బన్నులు తెచ్చాడు. ఒకటి ముగ్గురికి కోశాడు, ఇంకోటి నలుగురికి. రెండుసార్లూ నాకొక ముక్క ఇచ్చాడు.

"రెండో ముక్క తగ్గిందేంది పెద్దమ్మా?"

"ఇంకొకడొచ్చి కూర్చున్నాడు గదరా పంక్తిలో."

"అంతే మరి."

అంతే. ఆ పాఠానికి కావలసింది ఒక బన్ను. దాన్ని వెతుక్కోవడానికి ఆమెకు కావలసింది నా నోట ఒక్క మాట.

సుజాత పరీక్ష తప్పింది. మిగతావాళ్ళు పాసయ్యారు. ఆ సాయంత్రం నాకు సంతోషంగానే ఉంది. దాచను. కడుపులో ఏళ్ళనాటి మంట మీద నీళ్ళు పోసినట్టయింది. కానీ ఆ పిల్ల మధ్యలో ఎక్కడి నుంచి వచ్చింది? నేను దెబ్బ కొట్టింది సుజాతను. తగిలింది ఇంకో తలకు కూడా. ఆ పిల్ల మొహం నేను చూడలేదు. అయినా అది ఎలా దించుకుని ఉంటుందో నాకు తెలుసు. ఆనాడు మా పల్లెలో నేను దించుకున్నట్టే.

కొన్నాళ్ళకు సుజాత సెంటరుకు వచ్చింది. పుస్తకాలు తీసుకుపోవడానికి. ఎవరూ లేరు. నా దగ్గరకొచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, ఇంక రాను. మావాళ్ళు బడి మానిపించారు."

మొదటిసారి పెద్దమ్మా అంది.

"నీతో చెప్పి పోదామని వచ్చా. అందరూ నన్ను చూసి లోపల నవ్వుకునేవాళ్ళు, నాకు తెలుసు. నువ్వొక్కదానివే అర్థమైందనేదానివి. నువ్వు తలూపుతుంటే, నాకూ పాఠం చెప్పడం వచ్చు అనిపించేది."

నా గుండె గట్టిపడింది. మెత్తబడలేదు, గట్టిపడింది. అడిగాను.

"అమ్మాయిగారూ, నన్నెక్కడైనా చూసినట్టు గుర్తుందా?"

అమ్మాయిగారూ అన్న పిలుపుకు కాస్త ఆగి, నా మొహం వెతికింది. నిజంగానే వెతికింది.

"లేదు పెద్దమ్మా. ఎక్కడ?"

ఏళ్ళ తరబడి నేను కోరుకున్న క్షణం అది. ఫలానా సాయంత్రం, ఫలానా మాట, ఫలానా చేతులు నేనే అని మొహాన కొట్టాలి. ఆమె తలదించుకోవాలి. చెప్పలేదు. ఎందుకు? జాలి వేసిందా? లేదు. చెబితే ఆమె అక్కడే నా చేతులు పట్టుకుని క్షమించమని ఏడ్చేది. అప్పుడు తప్పు ఎవరిది ఎక్కువో లెక్క తేలేది. ఆ లెక్కలో నేను ఓడిపోతానని నాకప్పటికే తెలుసు.

"ఏం లేదండి. ఊరికే అడిగా" అన్నాను. ఆమె మెట్లు దిగిపోయింది.

ప్రసాదుకు తర్వాత సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో వాళ్ళంతా సెంటర్లో చేరి నాకు శాలువా కప్పారు. కంప్యూటర్లో చదివి ఇంతమంది ఎలా పాసయ్యారని ఎవరో అడిగితే ప్రసాదు నన్ను చూపించాడు. "తెరలోంచి పాఠం వస్తుంది. ఎదురుగా కూర్చుని నాకు అర్థం కాలేదనే మనిషి రాదు. మాకు పెద్దమ్మ దొరికింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అలవాటుగా తల ఊపాను. ఆ శాలువా ఇప్పటికీ పెట్టెలో మడత విప్పకుండా ఉంది.

సుజాతను చీరాల దగ్గర వాడరేవులో పిల్లలతో చూశామని ఎవరో అన్నారు. అంతకు మించి తెలియదు. ఆమె ఆనాడు అన్న మాట మీద నాకు కోపం పోలేదు. ఇది రాస్తున్నా పోలేదు. క్షమించమని ఆమెను అడగను. క్షమించానని చెప్పను కూడా. నేనామెకు ఇవ్వకుండా ఎగ్గొట్టింది ఒక్క మాట. ఇన్నాళ్ళూ దాన్ని మోసింది నా మెడే. కష్టపడి నేర్చుకున్న ఈ అక్షరాలతో అదొక్కటీ ఇక్కడ దించిపోతాను. ఆమె చదివినా సరే, చదవకపోయినా సరే.

నాకు అర్థం కాలేదండి, అమ్మాయిగారూ. మళ్ళీ చెప్పండి.